వానపాములకు వంటింటి చెత్త: ఉల్లిపొట్టు, నిమ్మతొక్క, మిగిలిన అన్నం చుట్టూ ఉన్న చిక్కుముడి

పాత ఇళ్లలో వంటింటి చెత్త ఎటు పోవాలో అందరికీ తెలుసు. బియ్యం కడుగునీళ్లు, గంజి, సొరకాయ తొక్కలు కుడితి తొట్టిలోకి, కుడితి గేదె కడుపులోకి. గేదె ముట్టనివి పెరట్లోని పెంటకుప్ప మీదికి. తొక్కను ఏ సైజులో కోయాలని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు గేదె లేదు, పెరడు లేదు. మూడో అంతస్తు బాల్కనీలో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో చెత్తను తిని ఎరువుగా మార్చే అరకిలో వానపాములు ఉన్నాయి. తడి చెత్త, పొడి చెత్త ఎక్కడ పుట్టిందో అక్కడే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాక, ఆ తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకుందామనుకున్న వాళ్లు పెరిగారు. సలహాలు అంతకంటే ఎక్కువ పెరిగాయి.

ఆ సలహాలు ఒకదానికొకటి పొసగవు. ఏది వేయాలో ఏది వద్దో చెప్పే ఒక పట్టికలో ఉల్లి నిషేధం, ఇంకోదాంట్లో కొంచెం వేయొచ్చు. ఒకరు చెత్తను మిక్సీ పట్టమంటారు, మరొకరు ముక్కలు చేస్తే చాలంటారు. పేడ లేకపోతే పాములు బతకవని ఒక మాట, పేడ అక్కర్లేదని ఇంకో మాట. విచిత్రం ఏమిటంటే, వీటిలో చాలావరకు ఏదో ఒక పరిస్థితిలో నిజమే. ఆ పరిస్థితి ఏమిటో చెప్పకుండా నియమం ఒక్కటే చేతులు మారడంతో గందరగోళం మొదలైంది.

పళ్లు లేని జీవి ఎలా తింటుంది

ముందు ఏ వానపాము గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. వాన పడ్డాక పొలంలో కనిపించేవన్నీ డబ్బాలో పనికిరావు. వాటిలో చాలా రకాలు మట్టిలో లోతుగా బొరియలు చేసుకుని, మట్టినే మింగుతూ బతుకుతాయి. డబ్బాకు కావలసినవి నేల పైపొరలో, కుళ్లే ఆకుల మధ్య ఉండేవి. మన దగ్గర అమ్మేవాటిలో ఎక్కువగా ఐసీనియా ఫెటిడా అనే సన్నటి ఎర్ర రకం, యూడ్రిలస్ యూజీనియే అనే కొంచెం పెద్ద ఆఫ్రికా రకం ఉంటాయి. మన ప్రాంతపు వాతావరణానికి అలవాటైన పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కూడా ఈ పని బాగా చేస్తుంది.

ఈ జీవులకు పళ్లు లేవు. దవడలూ లేవు. పచ్చి క్యారట్ ముక్కను కొరకలేవు. నోటికి అందిన మెత్తటి పదార్థాన్ని లోపలికి పీల్చుకుంటాయి. కోడికి కందనకాయ ఉన్నట్టే వీటికీ కండరాల సంచి ఒకటి ఉంటుంది. మింగిన ఇసుక రేణువుల సాయంతో తిండి అక్కడ నలుగుతుంది. కోడి ఇసుక ఎందుకు ఏరుకుతింటుందో తెలిసిన వాళ్లకు ఇది కొత్త విషయం కాదు.

అంటే తొక్క ముందు మెత్తబడాలి. మెత్తబరిచేది బ్యాక్టీరియా, బూజు. అవి తొక్క మీద పెరిగి దాన్ని కుళ్లబెడతాయి. వానపాము ఆ కుళ్లిన పొరనూ, దాని మీద పెరిగిన సూక్ష్మజీవులనూ కలిపి మింగుతుంది. దాని పోషణలో పెద్ద వాటా ఆ సూక్ష్మజీవులదే. కాబట్టి చెత్తను సిద్ధం చేయడమంటే నిజానికి సూక్ష్మజీవులకు విస్తరి వేయడం. వానపాముది రెండో బంతి.

ఇంకొక్క సంగతి. వానపాముకు ఊపిరితిత్తులు ఉండవు, తడి చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. చర్మం ఎండితే చావు, గాలి లేని బురదలో మునిగినా చావే. ఉప్పు తగిలితే ఒంట్లో నీరు బయటికి లాగేసుకుంటుంది. నీళ్లు, గాలి, వేడి, ఉప్పు-పులుపు: ఈ నాలుగింటిని మనసులో ఉంచుకుని చూస్తే, కింద వచ్చే వివాదాల్లో చాలావాటికి చిక్కు దానంతటదే విడిపోతుంది.

ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిదా

కోయడం ఎందుకో లెక్కతో చూద్దాం. ఒక్కో అంచు 4 సెంటీమీటర్లున్న గుమ్మడికాయ ముక్క ఉందనుకోండి. దానికి ఆరు ముఖాలు, ఒక్కో ముఖం 16 చదరపు సెంటీమీటర్లు, మొత్తం 96. దాన్నే 1 సెంటీమీటరు ముక్కలుగా కోస్తే 64 ముక్కలవుతాయి. ఒక్కోదానికి 6 చదరపు సెంటీమీటర్ల చొప్పున మొత్తం 384. గుమ్మడికాయ అంతే ఉంది, సూక్ష్మజీవులు కూర్చోవడానికి చోటు మాత్రం నాలుగు రెట్లయింది. అందుకే కోసిన ముక్క త్వరగా కుళ్లుతుంది.

ఈ లెక్కను చివరిదాకా లాగితే మిక్సీ దగ్గర తేలతాం. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. క్యాబేజీ ఈనెలు, బీరకాయ చెక్కు, బొప్పాయి తొక్క అన్నీ కలిపి పచ్చడిలా రుబ్బి పోశాను. మూడో రోజుకు డబ్బా మూత తీస్తే పులిసిన కంపు, పాములన్నీ మూత అంచుకు ఎక్కి వేలాడుతున్నాయి. పక్కింటావిడ ‘ఏమండీ, ఏదైనా చచ్చిందా?’ అని గోడ మీదుగా అడిగారు.

జరిగింది ఇది. రుబ్బినప్పుడు కూరగాయలోని నీళ్లన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. ముద్దలో గాలి ఆడే ఖాళీలు ఉండవు. లోపల ఆక్సిజన్ అయిపోగానే గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. పుల్లటి ఆమ్లాలు, కంపు ఆ తర్వాత వచ్చేవే. రుబ్బడం తప్పని కాదు. పెద్ద డబ్బాలో, రుబ్బిన దాన్ని పల్చగా పరిచి ఎండుటాకులతో కలిపేవాళ్లకు అది బాగానే నడుస్తుంది. నేను ముద్దగా పోశాను, అదే తేడా. మామూలుగా అయితే రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చాలు. బెండకాయ తొడిమలు, టమాటా ముచ్చికల లాంటివి ఎలాగూ చిన్నవే, వాటి కోసం మళ్లీ కత్తి పట్టక్కర్లేదు. కత్తి అవసరం పడేది మొక్కజొన్న కండె, క్యాబేజీ మోడు, మునక్కాయ చెక్కు లాంటి పీచు సరుకుకే.

ఫ్రీజర్‌లో పెట్టే పద్ధతి ఇంకోటి ఉంది. గడ్డకట్టినప్పుడు కణాల్లో మంచు స్ఫటికాలు పెరిగి గోడలను చీల్చేస్తాయి, కరిగాక తొక్క మెత్తగా వేలాడిపోతుంది. అరటితొక్క మీద చిన్న ఈగలు పెట్టిన గుడ్లు కూడా చాలావరకు చస్తాయి. వంటింట్లో ఈగల బెడద ఉన్నవాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే. ఇబ్బంది ఒకటే. బయటికి తీశాక పూర్తిగా చల్లదనం పోనివ్వాలి, కారిన నీటిని వంచేయాలి. అరటితొక్క పక్కన ఐస్‌క్రీం డబ్బా ఉండటానికి ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి కూడా, అది ఇంకా పెద్ద ఇబ్బంది.

నీళ్ల లెక్క, ఆకుల లెక్క

‘తడి’ చెత్త అన్న పేరు ఊరికే రాలేదు. కూరగాయల చెత్తలో సుమారు 85 శాతం నీరే. కిలో చెత్త వేస్తే 850 గ్రాముల నీళ్లు పోసినట్టు. పైన మూత, చుట్టూ ప్లాస్టిక్, ఎటు పోతాయి? అందుకే ఎండుటాకులో, కాగితమో కలపమంటారు. దీనికి రెండో కారణం కూడా ఉంది, కర్బనం-నత్రజని నిష్పత్తి. పేరు భయపెట్టినా విషయం సులువు. సూక్ష్మజీవులకు కర్బనం బలానికి, నత్రజని ఒళ్లు పెంచుకోవడానికి. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే వాటి పని సాఫీగా సాగుతుంది. నత్రజని ఎక్కువైతే మిగిలింది అమ్మోనియాగా మారి ముక్కు మండిస్తుంది, వానపాముల చర్మాన్నీ కాలుస్తుంది. తక్కువైతే కుళ్లడం నత్తనడక నడుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కిలో కూరగాయల చెత్తలో నీళ్లు తీసేస్తే 150 గ్రాముల పొడి పదార్థం. అందులో 45 శాతం కర్బనం, 3 శాతం నత్రజని అనుకుంటే 67.5 గ్రాముల కర్బనం, 4.5 గ్రాముల నత్రజని. అంటే 15కి 1, నత్రజని బాగా ఎక్కువ. ఇప్పుడు 200 గ్రాముల ఎండుటాకులు కలుపుదాం. అందులో పదో వంతు తేమ పోగా 180 గ్రాములు. 45 శాతం చొప్పున 81 గ్రాముల కర్బనం, 0.8 శాతం చొప్పున 1.44 గ్రాముల నత్రజని. రెండూ కలిపితే 148.5 గ్రాములకు 5.94 గ్రాములు, సరిగ్గా 25కి 1. నీళ్ల సంగతి? 1,200 గ్రాముల మిశ్రమంలో 870 గ్రాములు, అంటే 72.5 శాతం. వానపాములకు నప్పే 60 నుంచి 80 శాతం మధ్యలోనే ఉంది.

ఇవి ఉజ్జాయింపు అంకెలు, కాకరకాయకూ పుచ్చకాయకూ ఒకే లెక్క కుదరదు. తక్కెడ ముందేసుకుని ఎవరూ చెత్త తూచరు. గుప్పెడు మిశ్రమం తీసి గట్టిగా పిండితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఆకులు తక్కువ, చుక్క కూడా రాకపోతే నీళ్లు తక్కువ. 200 గ్రాముల ఆకులంటే తేలిగ్గా అనిపిస్తుంది కానీ చూడటానికి అది చెత్తకంటే పెద్ద కుప్ప. మొదటిసారి చేసేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఎండుటాకులు దొరకని అపార్ట్‌మెంట్లలో పాత పేపరు వాడతారు. దీని మీద అభ్యంతరం ఒకటి వినిపిస్తుంది. పేపర్లో చుట్టిన తిండి తినొద్దని, సిరాలోని పదార్థాలు ఒంటికి మంచివి కావని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో హెచ్చరించింది. అదే పేపరు ఎరువులో కలిస్తే? వేడి నూనె సిరాను పీల్చి నేరుగా కడుపులోకి వెళ్లడం వేరు, నెలల తరబడి కుళ్లి కుండీ మట్టిలో కలవడం వేరు అంటారు వాడేవాళ్లు. ఆకుకూరల కుండీలకు వేసే ఎరువు కాబట్టి ముద్ర లేని గోధుమరంగు అట్టపెట్టెలు మేలంటారు ఇంకొందరు. నాకు రెండోవాళ్ల జాగ్రత్తే నచ్చుతుంది, అట్టపెట్టెలకు ఇప్పుడు ఏ ఇంట్లోనూ కరువు లేదు గనుక. అట్ట మీది ప్లాస్టిక్ టేపు మాత్రం పీకేయాలి. కోనసీమ వైపు దండిగా దొరికే కొబ్బరిపొట్టు తేమను బాగా పట్టి ఉంచుతుంది కానీ, కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు నీళ్లలో నానబెట్టి పిండి వాడాలి.

ఉల్లి: డార్విన్ పెట్టాడు, మనమెందుకు వద్దంటున్నాం

అందరూ తడబడేది ఇక్కడే. ఉల్లి, వెల్లుల్లిలో ఘాటైన గంధకపు పదార్థాలు ఉంటాయి, వానపాములకు పడవు అన్నది ఒక వాదన. మరోవైపు 1881లో అచ్చయిన తన వానపాముల పుస్తకంలో చార్లెస్ డార్విన్ క్యాబేజీ ఆకులనూ, ఉల్లిగడ్డనూ అవి ఎంతో ఇష్టంగా తింటాయని రాశాడు. ఉల్లి ముక్కలను కుండీ మట్టిలో పాతిపెట్టి, అవి వెతుక్కుంటాయో లేదో కూడా చూశాడు.

ఎవరిది నిజం? డార్విన్ చూసినవి ఇంగ్లండు తోటల్లోని మట్టి పాములు, మన డబ్బాలోని రకం కాదు. ఆయన కుండీలో మట్టి ఎక్కువ, ఉల్లి కొన్ని ముక్కలే. వాసన తెలిస్తే పాములు పక్కకు తొలగడానికి చోటుంది. ఉల్లి కంటే దాని మోతాదు ముఖ్యమని ఆ కుండీయే చెబుతోంది. ఇంకో తేడాను పట్టికలు పట్టించుకోవు. ఎండిన ఉల్లిపొట్టు వేరు, కుళ్లిన ఉల్లిపాయ వేరు. పొట్టు దాదాపు ఎండుటాకు లాంటిదే, నెమ్మదిగా మాయమవుతుంది, ఎవరికీ హాని చేయదు. సంచి అడుగున మరిచిపోయిన ఉల్లిపాయ కంపు తెలిసినవాళ్లు మాత్రం దాన్ని చిన్న డబ్బాలో వేయరు.

నిమ్మ సంగతి కొంచెం వేరు. ఇక్కడ పులుపు కంటే తొక్కలోని నూనెతో గొడవ. ఆ నూనెలో ప్రధానమైన లిమొనీన్‌ను పురుగుల మందుల్లో కూడా వాడతారు. తాజా తొక్కను పాములు తప్పించుకు తిరిగేది అందుకే. అయితే నూనె కొద్దికొద్దిగా ఎగిరిపోతుంది, తొక్క మీద నీలం-ఆకుపచ్చ బూజు పడుతుంది, ఆ తర్వాత పాములు వస్తాయి. పులిహోరకు పిండిన రెండు కాయల తొక్కలను సన్నగా తరిగి, ఓ మూలన రెండు మూడు వారాలు బూజు పట్టనిచ్చి వేస్తే ఇబ్బంది కనిపించదు. జ్యూస్ బండి నుంచి తెచ్చిన బుట్టెడు బత్తాయి తొక్కలతో అదే పని చేస్తే పాములు డబ్బా వదిలి పారిపోతాయి. ‘నిమ్మ వద్దు’ అని రాసినవాళ్లు రెండోదాన్ని చూసి రాశారు. ‘మేం వేస్తున్నాం, ఏమీ కాలేదు’ అనేవాళ్లు మొదటిదాన్ని చూసి మాట్లాడుతున్నారు. చింతపండు పిప్పి విషయంలోనూ మోతాదే లెక్క, కాకపోతే రసంలోకో పులుసులోకో ఉప్పేసి పిసికిన పిప్పి అయితే ముందు కడగాలి.

మిగిలిన అన్నం, ఆవకాయ గిన్నె, ఉప్పు బడ్జెట్

వండినది ఏదీ వేయొద్దన్నది చాలా శిక్షణల్లో వినిపించే నియమం. ఇందులో మూడు వేర్వేరు కారణాలు ముడిపడి ఉన్నాయి: ఉప్పు, నూనె, పిండి పదార్థం. మన ఇళ్లలో అన్నం ఉప్పు లేకుండానే వండుతాం కాబట్టి వట్టి అన్నానికి మొదటి రెండు కారణాలూ వర్తించవు. మూడోది గట్టిగా వర్తిస్తుంది. అన్నం మీద సూక్ష్మజీవులు విపరీతమైన వేగంతో పెరుగుతాయి, ఆ చోట వేడి పుడుతుంది, ముద్ద లోపల గాలి అయిపోయి పులుస్తుంది. పైగా చీమలు, బొద్దింకలు. చెంచాడు అన్నాన్ని విడదీసి ఆకులతో కలిపితే మర్నాటికి జాడ ఉండదు. గిన్నెడు అన్నాన్ని బోర్లిస్తే మూడో రోజుకు అది పుల్లటి గడ్డ.

ఉప్పు సంగతి లెక్కగా చూస్తే బాగా అర్థమవుతుంది. డబ్బాలోని పదార్థంలో కరిగే లవణాలు అర శాతం దాటకూడదన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న హద్దు. డబ్బాలో 10 కిలోల సరుకు ఉంటే 50 గ్రాములు. రోజూ 200 గ్రాముల కూర మిగులుతోందనీ, అందులో ఒక శాతం ఉప్పనీ అనుకుందాం. రోజుకు 2 గ్రాములు, 25 రోజులకు 50. చెత్తలో సహజంగా ఉండే లవణాలను లెక్కేయకుండానే హద్దు చేరిపోయాం. పొలంలో అయితే వాన కడిగేస్తుంది, మూత ఉన్న డబ్బాలో వాన లేదు, ఉప్పు పేరుకుపోవడమే. మొదటి రెండు వారాలు ఏమీ కాలేదని ధైర్యపడి, నెల తిరిగాక పాములు ఎందుకు చచ్చాయో తెలియక తల పట్టుకునేది ఇందుకే. ఇక ఉప్పు, కారం, ఆవపిండి దాదాపు సమపాళ్లలో పడే ఆవకాయ గురించి వేరే చెప్పాలా?

నూనె పాములకు విషం కాదు. ముక్కల చుట్టూ పొరలా పట్టి గాలినీ తడినీ ఆపుతుంది. చేపల పొలుసులు, ఎముకలు సిద్ధాంతపరంగా కుళ్లేవే, కానీ ఆ వాసనకు ఎలుకలు వస్తాయి, పిల్లులు వస్తాయి, పక్కింటివాళ్లు కూడా వస్తారు. టీ పొడి మంచి తిండి. మనం పాలు, పంచదారతోనే మరిగిస్తాం గనుక ఒకసారి కడిగి వేయాలి. టీ బ్యాగుల్లో కొన్నింటికి ప్లాస్టిక్ పోగులు ఉంటాయి, చింపి లోపలి పొడి మాత్రమే వేయడం మంచిది.

కోడిగుడ్డు పెంకుల మీద మాత్రం నమ్మకం వాస్తవాన్ని కొంచెం మించిపోయింది. అవి దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేటే, పులుపును విరిచే గుణం ఉంది, నిజమే. చేత్తో నలిపి వేస్తే మాత్రం ఆరు నెలల తర్వాత ఎరువు జల్లించినప్పుడు అవే పెంకులు తెల్లగా పలకరిస్తాయి. ఎండబెట్టి మెత్తగా పొడి చేస్తేనే పని చేస్తాయి, అదీ నెమ్మదిగా. ఆ పొడి వానపాము కందనకాయలో ఇసుకకు బదులుగా కూడా పనికొస్తుంది.

ముందే కుళ్లబెట్టాలా, పేడ తప్పనిసరా

పల్లెల్లో పెద్ద మడుల్లో చేసే వర్మీ కంపోస్టుకు పేడ ఆధారం. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి వాటర్‌షెడ్‌లో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో మహిళా సంఘాలు వయ్యారిభామ మొక్కను కూడా ఎరువుగా మార్చాయి. అలాంటి మొండి కలుపును నేరుగా పాములకు పెట్టరు. పూత రాకముందే కోసి, పేడతో కలిపి సగం కుళ్లనిస్తారు. ఆవు కడుపులో ఒకసారి అరిగిన పేడలో సూక్ష్మజీవులు సిద్ధంగా ఉంటాయి, అది పని మొదలుపెట్టించే తోడు లాంటిది. పచ్చి పేడ మాత్రం వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది, పది పదిహేను రోజులు మాగాలి.

ఇంటి డబ్బాకు ఇంత అవసరమా? పాలకు తోడు చెంచాడు చాలన్నట్టే, మొదటిసారి కొంచెం మాగిన పేడో, పాత ఎరువో కలిపితే చాలు. తర్వాత డబ్బాలోనే కావలసినంత సూక్ష్మజీవులు ఉంటాయి. చెత్తను ముందుగా చిల్లుల కుండలో ఆకులతో వారం పది రోజులు ఉంచి వేసే పద్ధతికి మాత్రం బలమైన వాదన ఉంది. కుళ్లడంలో తొలి వేడి, తొలి పులుపు కుండలోనే అయిపోతాయి. ఎదురువాదన కూడా సబబే. మరీ ఎక్కువ రోజులు ఉంచితే తినాల్సిన సారమంతా కుండలోనే ఖర్చయి పాములకు పిప్పి మిగులుతుంది. బోకాషీ అనే పద్ధతిలో, మూత బిగించి గాలి తగలకుండా పులియబెట్టిన చెత్తది ఇంకో దారి. అది ఊరగాయలా బాగా పుల్లగా ఉంటుంది, మట్టితో కలిపి కొన్నాళ్లు పులుపు తగ్గనిచ్చాకే వేయాలి.

ఎంత వేయాలి, ఎండాకాలంలో ఏమవుతుంది

కిలో పాములు రోజుకు కిలో తింటాయని అమ్మేవాళ్లు చెబుతుంటారు. అన్నీ కలిసొస్తే అందగల పైహద్దు అది. సగం అనుకోవడం క్షేమం. అరకిలో పాములుంటే రోజుకు 250 గ్రాములు, అదీ డబ్బా కుదురుకున్నాక. మొదటి రెండు మూడు వారాలు అందులో సగం కూడా వద్దు. మీ ఇంట్లో 500 గ్రాములు వస్తుంటే మిగతా సగానికి వేరే దారి చూసుకోవాల్సిందే. కిందటిసారి వేసింది గుర్తుపట్టలేనంతగా కలిసిపోయిందా లేదా అన్నది క్యాలెండర్ కంటే నమ్మదగ్గ గుర్తు.

ఐసీనియా ఫెటిడాకు 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయి, 35 దాటితే ప్రాణం మీదికొస్తుంది. యూడ్రిలస్ కాస్త వెచ్చదనాన్ని ఓర్చుకుంటుంది. మే నెలలో మన ఊళ్లలో బయట 40 దాటుతుంది. కుళ్లే చెత్త దానికి తన వేడిని కలుపుతుంది. చలికాలంలో సరిపోయిన మోతాదే అప్పుడు ఎక్కువవుతుంది. తిండి తగ్గించి, ఒక పక్కనే పాతిపెట్టి, ఇంకో పక్కను చల్లగా వదిలితే పాములు తమకు నచ్చిన చోటికి జరుగుతాయి. పైన నాలుగు వేళ్ల మందం ఆకులు, వాటి మీద తడి గోనెపట్టా ఉంటే ఈగల సమస్య కూడా సగం తీరుతుంది. తెల్లగా లావుగా పురుగులు కనిపిస్తే కంగారు పడొద్దు, బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలవి. పాములను తినవు, తిండికి మాత్రం పోటీ పడతాయి.

ఎండాకాలమంటే మామిడి కూడా. తొక్కలు రెండు వారాల్లో మాయమవుతాయి, టెంక ఎంతకీ కరగదు. దాన్ని పడేయకండి. కొన్నాళ్లకు అది అంచున పగులుతుంది, లోపలి జీడి మెత్తబడుతుంది. ఎరువు జల్లించే రోజున విప్పి చూస్తే ఆ డొల్లలో పాములు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. టెంకను అలాగే మూసి తిరిగి డబ్బాలో పెట్టేస్తే సరి.